చేయి దూరని ఇంజన్ నట్టు: ఏ పానా, ఏ పద్ధతి ఎంచుకోవాలి?

పాత మోటార్‌సైకిల్ ఇంజన్‌లో ఎదురుగా కనిపించే బోల్టును ఎవరైనా బిగించగలరు. ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి. సిలిండర్ అడుగున ఫిన్ల (సిలిండర్‌ను చల్లబరిచే రెక్కల) నీడలో ఉండే బేస్ నట్టు, రెండు కార్బురేటర్ల మధ్య ఇరుక్కున్న లోపలి నట్టు, రాకర్ బాక్సును (వాల్వులను నొక్కే రాకర్ మీటలు ఉండే పెట్టెను) కింది నుంచి పట్టుకునే చిన్న నట్లు అలాంటివి. ఇంజన్ విప్పిన ప్రతి ఒక్కరూ వీటిని అందినంత మేరకు బిగించి వదిలేసి ఉంటారు. నూనె చెమ్మ మొదట కనిపించేది, గాస్కెట్ (రెండు భాగాల మధ్య పెట్టే పల్చటి పొర) మొదట వదిలేది చాలాసార్లు అక్కడే.

వీటి కోసం ప్రత్యేక పనిముట్లు చాలానే ఉన్నాయి. కొనేవాళ్లలో ఎక్కువమంది చూసేది ఒక్కటే: అది నట్టు దాకా చేరుతుందా లేదా అని. అది అవసరమే, కానీ చాలదు. ఆ పనిముట్టుతో ఎంత బలం పెట్టానో నాకు తెలుస్తుందా అన్నది నేను దానికన్నా ముందు చూస్తాను. సిలిండర్‌ను పట్టుకునే ఎనిమిది నట్లలో ఆరు ఒక బిగువులో, అందని రెండు ఇంకో బిగువులో ఉంటే ఆ ఆరింటిని ఎంత జాగ్రత్తగా బిగించినా ఫలితం దక్కదు. కింద పోల్చిన ప్రతి పద్ధతినీ ఈ కొలతతోనే చూశాను.

అడ్డు ఏమిటో తేల్చుకోవాలి

నట్టు అందడం లేదు అన్నప్పుడు దాని వెనుక మూడు వేర్వేరు కారణాలు ఉండవచ్చు. ఒకటి, నట్టు మీదికి నిటారుగా దారి లేకపోవడం. పైన ఫిన్ను ఉంటుంది, లేదా ఫ్రేమ్ గొట్టం ఉంటుంది, సాకెట్ దిగదు. రెండు, నట్టు పక్కనే గోడ ఉండటం. పైనుంచి దారి ఉన్నా సాకెట్ గోడ మందం నట్టుకూ సిలిండర్‌కూ మధ్య పట్టదు. మూడు, పానా నట్టుకు పడుతుంది గాని తిప్పడానికి చోటు లేకపోవడం.

ఒక్కో అడ్డుకు ఒక్కో మందు. నిటారు దారి లేని చోట పక్క నుంచి వెళ్లే రింగ్ పానా లేదా క్రోఫుట్ (పిడి లేని పానా తల) కావాలి. గోడ దగ్గరగా ఉన్న చోట పల్చటి గోడ ఉన్న పానా కావాలి. తిప్పే చోటు లేనప్పుడు సన్నని పళ్ల రాచెట్ (ఒకవైపే పట్టి తిప్పే పానా) కావాలి. చాలా నట్లకు వీటిలో రెండు కలిసి ఉంటాయి, అందుకే పక్కవారి బండికి పనిచేసిన పనిముట్టు మనకు పనిచేయకపోవచ్చు. చిన్న అద్దం, టార్చి పట్టుకుని నట్టు చుట్టూ చూడండి. తరువాత గట్టి అట్టముక్కను పానా తల ఆకారంలో కత్తిరించి ఆ సందులో పెట్టి తిప్పి చూడండి. ఎంత వెడల్పు తల పడుతుందో, ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో ఆ అట్టముక్కే చెబుతుంది. డబ్బు పెట్టకముందు చేయవలసిన పని ఇది.

పనిముట్టు కొనాలా, దారి ఖాళీ చేయాలా

నా మొదటి సలహా ఎప్పుడూ దారి ఖాళీ చేయమనే. ట్యాంకు దించడానికి, కార్బురేటర్లు తీయడానికి, ఎగ్జాస్టు గొట్టాలు విప్పడానికి పట్టే సమయం చూసి చాలామంది వెనకాడతారు. అవి తీశాక సగం "అందని" నట్లు మామూలు పానాకే అందుతాయి. హెడ్డును (సిలిండర్ పై మూతను) ఫ్రేముకు కలిపే పట్టీలు తీసేస్తే ఇంకొంత చోటు దొరుకుతుంది. కొన్ని బండ్లలో ఇంజన్ మౌంటు బోల్టులు వదులు చేసి, కింద జాకీ పెట్టి ఇంజన్‌ను కాస్త ముందుకు వంచినా సరిపోతుంది.

ఇంజన్‌ను ఫ్రేమ్ నుంచి పూర్తిగా దించడం పెద్ద పని. ఒక్క నట్టు కోసం ఆ పని చేయమని నేను చెప్పను. అయితే కొన్ని ఇంజన్లలో తయారీదారు ఉద్దేశించిన మార్గమే అది. 1969లో వచ్చిన హోండా సీబీ750లో హెడ్డు పని అంటే ఇంజన్ దించడమే సాధారణ పద్ధతి. పైన ఫ్రేమ్ గొట్టానికీ వాల్వ్ కవరుకూ మధ్య చోటు అంత తక్కువ. అలాంటి బండి మీద వంకర పానాలతో కుస్తీ పట్టే బదులు ఇంజన్ దించి బల్ల మీద పెట్టుకుంటే ప్రతి బోల్టూ నిటారుగా, టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో తిప్పుతున్నామో చెప్పే పానాతో) బిగుస్తుంది. బ్రిటిష్ ట్విన్లలో (రెండు సిలిండర్ల బండ్లలో) లెక్క వేరు. వాటి ఇంజన్ ఫ్రేములోనే ఉండగా హెడ్డు, సిలిండర్ పైకి తీయవచ్చు, అందుకే ఇరుకు నట్ల సమస్య వాటితోనే ఎక్కువ. ట్రయంఫ్ 650 ట్విన్‌లో రాకర్ బాక్సు అడుగు నట్లు, నార్టన్ కమాండోలో ఫిన్ల మధ్య కింది నుంచి బిగించే హెడ్డు నట్లు ఈ కోవలోవే.

కొలత తప్పితే మిగతా చర్చ అనవసరం

పనిముట్టు రకం కన్నా ముందు దాని సైజు. ఇరుకు చోట నట్టు మూలలు ఒకసారి అరిగి గుండ్రమైతే దాన్ని విప్పడానికి సిలిండర్ ఫిన్ను కోయవలసిన పరిస్థితి రావచ్చు. అందుకే "దాదాపు సరిపోతుంది" అనే పానాను ఇక్కడ వాడకూడదు.

పాత బ్రిటిష్ బండ్లలో విట్‌వర్త్ (పాత బ్రిటిష్ ప్రమాణం) సైజులు ఉంటాయి. ఆ పానాల మీద రాసి ఉండే అంకె నట్టు వెడల్పును చెప్పదు, బోల్టు కాడ లావును చెబుతుంది. పావు అంగుళం విట్‌వర్త్ పానా నోరు 0.525 అంగుళాలు, అంటే 13.3 మిల్లీమీటర్లు. 13 మిల్లీమీటర్ల పానా దానికి ఎక్కదు. 14 ఎక్కుతుంది గాని ఆడుతుంది. దాని పై సైజు, 5/16 విట్‌వర్త్, 0.600 అంగుళాలు, అంటే 15.2 మిల్లీమీటర్లు. 15 ఎక్కదు, 16 వదులు. మెట్రిక్ సెట్టుతో ఈ నట్ల మీదికి వెళ్లడం మూలలు అరగదీయడానికి దగ్గరి దారి.

1960ల చివర్లో ఈ కంపెనీలు యూనిఫైడ్ మరలకు (అంగుళాల్లోనే ఉండే కొత్త ప్రమాణానికి) మారాయి, కానీ ఒకే ఇంజన్‌లో పాతవీ కొత్తవీ కలిసి కనిపిస్తాయి. 5/16 అంగుళాల స్టడ్డునే (తల లేని మర కడ్డీనే) తీసుకోండి: బీఎస్ఎఫ్ (బ్రిటిష్ సన్న మర) అయితే అంగుళానికి 22 మరలు, యూనిఫైడ్ సన్న మర అయితే 24, సైకిల్ మర అయితే 26. మూడూ కంటికి ఒకేలా ఉంటాయి. తప్పు నట్టు రెండు మూడు చుట్లు చేత్తోనే ఎక్కి తరువాత బిగుసుకుంటుంది. కనిపించే చోట అయితే అనుమానం వస్తుంది. కనిపించని చోట "బిగిసింది" అనిపిస్తుంది. కాబట్టి అందని చోటికి వెళ్లే ప్రతి నట్టునూ ముందు బల్ల మీద, అదే మర ఉన్న స్టడ్డు మీద చివరిదాకా వేళ్లతో తిప్పి చూడాలి. మర కొలిచే గేజి ఒకటి దగ్గర ఉంటే ఇంకా మంచిది.

జపాను బండ్ల దగ్గర ఇబ్బంది స్క్రూలతో వస్తుంది. క్రాంక్‌కేస్ పక్క మూతల మీద ఉండే ప్లస్ గుర్తు స్క్రూలు జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) రకం. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ వాటి గాడిలో అడుగు దాకా కూర్చోదు, బలం పెట్టగానే పైకి జారి గాడిని తినేస్తుంది. జేఐఎస్ స్క్రూడ్రైవర్ వేరుగా దొరుకుతుంది, అదే వాడాలి.

రింగ్ పానా: మొదటి ఎంపిక

ఒక్క పనిముట్టే కొనగలిగితే నేను సరైన సైజులో, పల్చటి గోడ ఉన్న, మెడ లోతుగా వంగిన రింగ్ పానానే కొంటాను. నట్టును చుట్టూ పట్టుకుంటుంది, మూలలు అరగవు. పన్నెండు మూలల రింగు కాబట్టి 30 డిగ్రీలు తిరిగితే చాలు, తీసి మళ్లీ పెట్టుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, నట్టు బిగుసుకుంటున్న తీరు చేతికి నేరుగా తెలుస్తుంది. మధ్యలో కీళ్లు, కడ్డీలు ఏవీ ఉండవు.

నోరు తెరిచిన పానా నట్టును రెండు వైపులే పట్టుకుంటుంది, బలం పెడితే దాని దవడలు కాస్త విచ్చుకుంటాయి. ఇరుకులో నట్టును చివరిదాకా తెచ్చేందుకు అది బాగా పనికివస్తుంది. దాని నోరు 15 డిగ్రీలు వాలుగా ఉండటం వల్ల ఒకసారి తిప్పాక పానాను తిరగేసి పెడితే 30 డిగ్రీల చోటులోనే ఆరు మూలల నట్టును ముందుకు నడపవచ్చు. ఆఖరి బిగింపుకు మాత్రం దాన్ని నమ్మవద్దు.

రాచెట్ ఉన్న రింగ్ పానాలు ఇప్పుడు విరివిగా దొరుకుతున్నాయి. 72 పళ్లు ఉన్నది 5 డిగ్రీలు కదిలితే చాలు ఒక పన్ను ముందుకు వెళుతుంది. తిప్పే చోటు లేని నట్టుకు ఇంతకన్నా హాయి లేదు. అయితే దాని తల మామూలు రింగు కన్నా మందంగా, వెడల్పుగా ఉంటుంది. ఫిన్ను కింద ఎత్తు తక్కువ ఉన్న చోట, సిలిండర్ గోడ పక్కన అది దూరనే దూరదు. ఇంకో ప్రమాదం ఉంది. నట్టు స్టడ్డు మీద పైకి లేచే కొద్దీ రాచెట్ తల పైనున్న ఫిన్నుకూ నట్టుకూ మధ్య ఇరుక్కుపోతుంది, దిశ మార్చే మీట లేని రకమైతే వెనక్కి తిప్పడానికీ కుదరదు. విప్పే పనికి వాడేముందు పైన ఎంత ఖాళీ ఉందో కొలుచుకోవాలి.

అర్ధచంద్రాకారంలో వంగిన పానాలు, ఎస్ ఆకారపు పానాలు ఉంటాయి. మధ్యలో అడ్డంగా ఉన్న భాగాన్ని చుట్టుకుని వెళ్లి నట్టును పట్టుకునేందుకు వాటిని తయారుచేశారు. మానిఫోల్డు నట్లకూ, కొన్ని బేస్ నట్లకూ ఇవి చక్కగా సరిపోతాయి. వంపు వల్ల లాగే దిశ కాస్త పక్కకు పోతుంది కాబట్టి రెండో చేత్తో పానా తలను నట్టు మీదికి అదిమి పట్టుకోవాలి.

సాకెట్, కడ్డీ, కీలు

నిటారుగా దారి ఉండి లోతు మాత్రమే సమస్య అయితే పొడవాటి ఎక్స్‌టెన్షన్ కడ్డీ మీద సాకెట్ పెట్టడమే మంచి మార్గం. నిటారుగా పట్టుకున్నంత వరకు కడ్డీ పొడవు వల్ల టార్క్ (తిప్పే బలం) విలువ మారదు. అర అంగుళం డ్రైవు సాకెట్ల కన్నా మూడు బై ఎనిమిది అంగుళాల డ్రైవు సాకెట్ల గోడ పల్చన. గోడ దగ్గరగా ఉన్న నట్టుకు ఆ చిన్న తేడాయే సరిపోవచ్చు. ఆరు మూలల నట్టుకు ఆరు మూలల సాకెట్ వాడితే మూలలకు రక్షణ. కానీ తరువాతి ట్రయంఫ్ ట్విన్లలో ఉన్నట్టు నట్టుకే పన్నెండు మూలలు ఉంటే పన్నెండు మూలల సాకెట్ లేదా రింగ్ తప్పనిసరి.

యూనివర్సల్ జాయింట్ (సాకెట్‌కు ముందు పెట్టే, ఎటైనా వంగే కీలు) విషయంలో నాకు గట్టి అభ్యంతరం ఉంది. వాలుగా ఉన్న నట్టును తిప్పి తేవడానికి దానంత సౌకర్యం ఇంకోటి లేదు, నిజమే. కానీ కీలు వంగినప్పుడు అవతలికి చేరే టార్క్ స్థిరంగా ఉండదు. 15 డిగ్రీల వంపులో తేడా మూడు నాలుగు శాతమే, భరించవచ్చు. 30 డిగ్రీలకు వెళితే కీలు ఏ స్థానంలో ఉందన్న దాన్ని బట్టి నట్టుకు 13 శాతం తక్కువైనా చేరుతుంది, 15 శాతం ఎక్కువైనా చేరుతుంది. ఇందులో కీలు ఒరిపిడి కలపలేదు. టార్క్ రెంచ్ టక్కుమని చప్పుడు చేస్తుంది, మనం నిశ్చింతగా ఉంటాం, పక్కపక్క నట్ల మధ్య బిగువు తేడా అలాగే ఉండిపోతుంది. హెడ్డు, సిలిండర్ నట్లకు ఆఖరి బిగింపులో దీన్ని వాడవద్దు. మూతల స్క్రూలు, మౌంటు బోల్టులు వంటి వాటికి వాడుకోవచ్చు. కొన కాస్త గుండ్రంగా ఉండే వాబుల్ ఎక్స్‌టెన్షన్లు 15 డిగ్రీల దాకానే వంగుతాయి. ఆ హద్దే వాటిని కీలు కన్నా నమ్మదగినవి చేస్తుంది.

గుండు కొన ఉన్న ఎల్ఎన్ (అలెన్) కీల, అంటే ఆరు పలకల కడ్డీల సంగతి క్లుప్తంగా చెబుతాను: వాలుగా దూర్చి బోల్టును నడపడానికి బాగుంటాయి, బిగించడానికి బాగుండవు. గుండు కింద మెడ సన్నగా ఉంటుంది. అది విరిగి బోల్టు తలలో ఉండిపోతే తీయడం నరకం.

క్రోఫుట్: లెక్క తెలిసినవారికి

పిడి లేని పానా తల, దాని వెనుక టార్క్ రెంచ్ కోసం చతురస్రపు రంధ్రం: ఇదే క్రోఫుట్. సాకెట్ దిగని చోట టార్క్ రెంచ్ పెట్టడానికి ఉన్న కొద్ది మార్గాల్లో ఇది ఒకటి. నోరు తెరిచిన రకం కన్నా నట్టును ఐదు వైపుల నుంచి పట్టుకునే ఫ్లేర్ నట్ రకం గట్టిది. రింగు తల ఉన్న టార్క్ అడాప్టర్ అంతకన్నా మేలు, మన సైజులో దొరికితే అదే తీసుకోండి.

దీనితో వచ్చే చిక్కు పొడవు. క్రోఫుట్‌ను టార్క్ రెంచ్‌కు నేరుగా ముందుకు పెడితే మొత్తం పొడవు పెరుగుతుంది, దాంతో రెంచ్ మీద పెట్టిన అంకె కన్నా ఎక్కువ టార్క్ నట్టుకు చేరుతుంది. సవరణ కష్టం కాదు. రెంచ్ పిడిని పట్టుకునే చోటు నుంచి దాని చతురస్రపు కొన వరకు పొడవు 300 మిల్లీమీటర్లు, ఆ కొన నుంచి నట్టు మధ్యకు 30 మిల్లీమీటర్లు అనుకుందాం. నట్టుకు 48 న్యూటన్ మీటర్లు కావాలి. 48ని 300తో గుణించి, 330తో భాగిస్తే 43.6 వస్తుంది. రెంచ్ మీద పెట్టవలసింది అది. ఈ సవరణ చేయకుండా 48 మీదే పెడితే నట్టుకు 52.8 చేరుతుంది. కొత్త స్టడ్డు దాన్ని తట్టుకోవచ్చు. ఎన్నో ఏళ్లుగా సాగుతూ వచ్చిన స్టడ్డు, అల్యూమినియంలో అలసిపోయిన మర తట్టుకుంటాయని చెప్పలేం.

లెక్క వద్దనుకుంటే మరో దారి ఉంది. క్రోఫుట్‌ను రెంచ్ పిడికి సరిగ్గా లంబంగా, అంటే 90 డిగ్రీల్లో పెట్టండి. అప్పుడు సవరణ అక్కరలేదు, రెంచ్ మీద ఉన్న అంకే నట్టుకు చేరుతుంది. ఇరుకులో ఆ కోణం కుదరదంటే మాత్రం లెక్క తప్పదు. పిడిని ఎక్కడ పట్టుకుంటామన్నదీ ఈ లెక్కలో భాగమే కాబట్టి ప్రతి నట్టుకూ ఒకే చోట పట్టుకోవాలి.

అరగదీసి చేసుకున్న పానా

పాత బండ్ల మనుషుల పెట్టెలో ఒకటి రెండైనా ఇలాంటివి ఉంటాయి: గోడ పల్చగా అరగదీసిన రింగు, సగానికి కోసిన పానా, మెడ వంచిన పానా. ఫ్యాక్టరీ ప్రత్యేక పానా దొరకనప్పుడు ఇది మంచి దారి, ఒకే ఇంజన్‌తో ఏళ్ల తరబడి గడిపేవారికి అన్నిటికన్నా మంచి దారి కూడా. ఇందుకు మంచి కంపెనీ పాత పానానే తీసుకోవాలి. నాసిరకం ఉక్కును పల్చన చేస్తే చీలిపోతుంది. అరగదీసేటప్పుడు నీళ్లలో ముంచుతూ చల్లగా ఉంచాలి. లోహం నీలం రంగుకు తిరిగిందంటే దాని గట్టిదనం తగ్గినట్టే. వంచడానికి ఎర్రగా కాల్చాలంటే ముందు పైనున్న క్రోమియం పూతను తీసేయాలి, దాని పొగ విషం. కాల్చిన చోట ఉక్కు మెత్తబడుతుంది కాబట్టి వంపు మెడ దగ్గర ఉండాలి, నట్టును పట్టుకునే తల దగ్గర ఉండకూడదు.

బిగువును ఎలా కొలవాలి

టార్క్ రెంచ్ పెట్టలేని నట్టుకు చేతి అంచనాయే గతి అనుకుంటారు. నా దృష్టిలో ఇంకా రెండు దారులు ఉన్నాయి, రెండూ చేతి అంచనా కన్నా మెరుగైనవి.

మొదటిది త్రాసు. సామాను తూచే కొక్కెపు త్రాసును రింగ్ పానా రెండో చివరకు తగిలించి, పానాకు లంబంగా లాగండి. టార్క్ అంటే బలాన్ని పొడవుతో గుణించగా వచ్చేదే. నట్టు మధ్య నుంచి కొక్కెం దాకా 200 మిల్లీమీటర్లు ఉన్న పానాతో 48 న్యూటన్ మీటర్లు కావాలంటే 240 న్యూటన్ల బలం కావాలి, అంటే త్రాసు మీద 24.5 కిలోలు. ఇరుకులోంచి బయటికి వచ్చే పానా ఏదైనా ఇలా టార్క్ రెంచ్‌గా మారుతుంది. లంబం తప్పకుండా, కుదుపు లేకుండా మెల్లగా లాగడమే ఇందులో ఉన్న నేర్పు.

రెండోది కోణం. అందే నట్టును కొలబద్దగా పెట్టుకునే పద్ధతి ఇది. అన్ని నట్లనూ ముందు తక్కువ టార్క్‌కు, ఉదాహరణకు 10 న్యూటన్ మీటర్లకు తేవాలి. అందని వాటికి ఈ మొదటి మెట్టును పైన చెప్పిన త్రాసుతో చేయవచ్చు. తరువాత ప్రతి నట్టు మీదా, పక్కన లోహం మీదా పెయింటుతో గీత పెట్టాలి. ఇప్పుడు అందే నట్లను టార్క్ రెంచ్‌తో పూర్తి విలువకు తెస్తూ గీత ఎన్ని డిగ్రీలు జరిగిందో చూడాలి. అందని నట్టునూ అన్ని డిగ్రీలే తిప్పాలి. స్టడ్డు పొడవు, మర, వాషరు, నూనె అన్నీ ఒకేలా ఉన్నప్పుడే ఇది నిలబడుతుంది. పొడవు వేరైన స్టడ్డుకు అదే కోణం అదే బిగువు ఇవ్వదు. అలాగే ఒక నట్టును ఒకేసారి చివరిదాకా తిప్పకుండా, ఎదురెదురు వరసలో మూడు నాలుగు మెట్లలో వెళ్లాలి, అందని నట్టు కూడా తన వంతు వచ్చినప్పుడు తన మెట్టే ఎక్కాలి. అందే ఆరింటినీ ముందు పూర్తిచేసి, మిగిలిన రెండింటి సంగతి చివర్లో చూద్దామనుకుంటే సిలిండర్ అంచు అప్పటికే ఒక వైపుకు ఒరిగి కూర్చుంటుంది.

కోణం పద్ధతికి నేను ఇంత విలువ ఇవ్వడానికి కారణం ఒరిపిడి. నట్టు మీద పెట్టే టార్క్‌లో దాదాపు పదో వంతే బోల్టును సాగదీసి బిగువుగా మారుతుంది. మిగతా తొమ్మిది వంతులు నట్టు అడుగున, మరల మధ్య ఒరిపిడికే పోతాయి. తుప్పు పట్టిన మర మీద, నూనె రాసిన మర మీద ఒకే టార్క్ పెడితే రెండు వేర్వేరు బిగువులు వస్తాయి. మాన్యువల్ చెప్పిన అంకె పొడి మరకా నూనె మరకా అన్నది చూసుకోవాలి. పొడి మరకు చెప్పిన అంకెను నూనె రాసిన మరకు పెడితే స్టడ్డు హద్దు దాటి సాగిపోవచ్చు. ఏదైనా సరే, బిగించే ముందు మరలను తీగ బ్రష్‌తో శుభ్రం చేయాలి.

చేతి అంచనా చిన్న బోల్టులకే ఎక్కువ చేటు చేస్తుంది, ఎందుకంటే మన చేయి వాటికన్నా చాలా బలమైనది. 150 మిల్లీమీటర్ల పానా చివర 20 కిలోల బలంతో లాగడం ఎవరికైనా తేలిక. దానితో 30 న్యూటన్ మీటర్లు వస్తుంది. అల్యూమినియంలోకి వెళ్లే ఎం6 (6 మిల్లీమీటర్ల) బోల్టుకు కావలసింది 10 దాకానే. ఇలాంటి చోట పానాను తల దగ్గరికి పట్టుకుని, రెండు వేళ్లతో తిప్పాలి. కార్బురేటర్ లోపలి నట్టుకు ఇది మరీ ముఖ్యం. అమల్ కాన్సెంట్రిక్ కార్బురేటర్ ఫ్లాంజిని (ఇంజన్‌కు బిగించే అంచును) గట్టిగా బిగిస్తే అది విల్లులా వంగుతుంది, పక్క నుంచి గాలి లాగుతుంది, లోపల స్లైడు పట్టేస్తుంది. లోపలి నట్టు అందలేదని బయటి నట్టును రెట్టింపు బిగించడం ఆ వంపును పెంచడమే అవుతుంది.

టార్క్ రెంచ్ కొనేవారికి ఒక మాట. పెద్ద రెంచ్ ఒక్కటే కొని అన్నిటికీ వాడవద్దు. క్లిక్ రెంచ్ తన పూర్తి సామర్థ్యంలో అడుగు 20 శాతం లోపల నమ్మదగినది కాదు. హెడ్డు నట్లకు ఒకటి, చిన్న బోల్టులకు ఒకటి కావాలి. పని అయ్యాక దాన్ని కనిష్ఠ అంకెకు తిప్పి పెట్టాలి.

నట్టునే మార్చడం

కొన్నిసార్లు పానా మార్చడం కన్నా నట్టు మార్చడం తేలిక. అదే మరకు చిన్న తల ఉన్న నట్టు, లేదా పన్నెండు మూలల నట్టు వేస్తే గోడ పక్కన చోటు దొరుకుతుంది. తల చిన్నదైతే కింద ఒత్తిడి తక్కువ వైశాల్యం మీద పడుతుంది కాబట్టి గట్టిపరిచిన మందపాటి వాషర్ వేయాలి. మూతల మీద ప్లస్ స్క్రూల స్థానంలో ఎల్ఎన్ బోల్టులు వేసుకోవడం చాలామందికి ఇష్టం, నాకూ ఇష్టమే. కానీ ఎల్ఎన్ కీతో స్క్రూడ్రైవర్ కన్నా చాలా ఎక్కువ బలం పెట్టగలం, అల్యూమినియంలో మర మాత్రం పాతదే.

స్టెయిన్‌లెస్ విషయంలో నేను జాగ్రత్తే చెబుతాను. ఏ2-70 రకం స్టెయిన్‌లెస్ బోల్టు సుమారు 450 మెగాపాస్కల్ దగ్గర శాశ్వతంగా సాగడం మొదలుపెడుతుంది, 8.8 గ్రేడు ఉక్కు బోల్టు 640 దాకా ఆగుతుంది. మెరుపు కోసం మూతలకు వాడుకోండి, మరకు యాంటీ సీజ్ (మర పట్టేయకుండా ఉంచే) పేస్టు రాసి, టార్క్ కాస్త తగ్గించి. హెడ్డు, సిలిండర్ స్టడ్డులకు వద్దు.

మర ఇప్పటికే బలహీనంగా ఉందని తెలిస్తే, అందని చోట దాన్ని అలాగే నెట్టుకురావడం కన్నా సిలిండర్ పైకి తీసి ఉన్నప్పుడే హెలికాయిల్ (పాడైన మర స్థానంలో కూర్చునే తీగ చుట్ట) వేయించుకోవడం మంచిది. అన్నీ కూర్చాక ఆ పని చేయాలంటే మళ్లీ మొత్తం విప్పాలి.

నట్టు ఎక్కించడం, తరువాత చూసుకోవలసినవి

బిగించడం కన్నా నట్టును మొదటి మర మీద ఎక్కించడమే కష్టమయ్యే చోట్లు ఉంటాయి. కొన్ని ఇంజన్లలో సిలిండర్ పూర్తిగా దిగాక స్టడ్డుకూ ఫిన్నుకూ మధ్య నట్టు దూరే ఎత్తే మిగలదు. సిలిండర్‌ను కొంచెం పైకి పట్టుకుని, నట్లను స్టడ్డుల కొనకు ఎక్కించి, అన్నిటినీ కొంచెం కొంచెంగా తిప్పుతూ సిలిండర్‌ను దించాలి. ఇందుకు ఇంకొకరి సాయం ఉంటే పని సాఫీగా సాగుతుంది. రింగ్ పానాలో కాస్త చిక్కటి గ్రీజు పెడితే నట్టు అందులో నిలబడుతుంది. సాకెట్ అయితే పల్చటి కాగితం ముక్క లోపల పెట్టి నట్టును నొక్కితే జారదు. క్రాంక్‌కేస్‌కు తెరుచుకునే ప్రతి రంధ్రాన్నీ శుభ్రమైన గుడ్డతో ముందే మూయాలి, గుడ్డలు ఎన్ని పెట్టామో లెక్క ఉంచుకోవాలి.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే బిగించాలి. అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, అందుకే వేడి మీద కొలిచిన బిగువు చల్లారాక ఉండదు. మొదటిసారి నడిపి, ఇంజన్ పూర్తిగా చల్లారాక హెడ్డు, బేస్ నట్లను మళ్లీ చూడాలి. గాస్కెట్ అణగడం వల్ల మొదటి వేడికే కొంత బిగువు పోతుంది. కదలకుండా ఉన్న నట్టు మీద టార్క్ రెంచ్ పెడితే మొదట్లో ఉండే పట్టు వల్లే అది టక్కుమనవచ్చు, కాబట్టి ఒక్కో నట్టునే కొద్దిగా వదులు చేసి మళ్లీ విలువకు తేవాలి. పెయింటు గీతలు ఇప్పుడు ఇంకోసారి ఉపయోగపడతాయి: అందని నట్టు గీత కదిలిందో లేదో అద్దంలోనే కనిపిస్తుంది.

హెడ్డు మళ్లీ బిగించిన ప్రతిసారీ వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుకూ రాకర్‌కూ మధ్య సందు) చూసుకోవాలి. పుష్‌రాడ్ ఇంజన్‌లో (కింది నుంచి కడ్డీతో రాకర్‌ను నెట్టే రకంలో) హెడ్డు ఏ కొంచెం కిందికి దిగినా రాకర్ కూడా దిగుతుంది, పుష్‌రాడ్ పొడవు మాత్రం మారదు, దాంతో క్లియరెన్స్ తగ్గుతుంది. నట్లు బిగించి, క్లియరెన్స్ సరిచేసి, అప్పుడే ట్యాంకు ఎక్కించండి.